లెక్కలు చదివినమ్మాయి కాపురాల సంగతి చూడొచ్చా? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈ నెల ఉత్తరాలన్నీ ఒడిశా వైపు నుంచే వచ్చాయి, బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, జయపురం, రాయగడ. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పెద్దదైపోయింది, అయినా తగ్గించలేదు, ఎందుకంటే ఆ అమ్మాయి అడిగింది చాలామంది పిల్లలు ఇంట్లో అడగలేక ఊరుకుంటున్న ప్రశ్న.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది బరంపురం, ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫ్యామిలీ థెరపీ (ఇంటి గొడవల్ని కుటుంబం మొత్తంతో మాట్లాడి చక్కదిద్దే చికిత్స) గురించి కొంత చదివాక అటువైపే వెళ్ళాలని బలంగా అనిపిస్తోంది. నాన్నగారు మాత్రం "ఐదేళ్ళు లెక్కలు చదివి ఆఖరికి మొగుడూపెళ్ళాల తగువులు తీరుస్తావా, దానికి పెద్దమనుషులు లేరా, బీఎడ్ చేసి టీచరువి అయిపో" అంటున్నారు. నిజంగానే నా లెక్కలన్నీ వేస్ట్ అయిపోతాయా? మన దేశంలో ఈ చదువు ఎక్కడుంది, ఎలా వెళ్ళాలి?

జవాబు: తల్లీ, ముందు మీ నాన్నగారి మాట దగ్గరే మొదలెడతాను, ఆయన అడిగిందాంట్లో పెద్ద విషయమే ఉంది. పెద్దమనుషుల దగ్గర కూర్చుంటే మొట్టమొదట వచ్చే ప్రశ్న తప్పెవరిది అని. ఇద్దర్నీ నిలబెట్టి, విని, ఒకరికి చీవాట్లు పెట్టి, ఇంకొకరికి సర్దుకోమని చెప్పి పంపిస్తారు, నెల తిరక్కుండా మళ్ళీ అదే పంచాయితీ. ఫ్యామిలీ థెరపీ చదువులో మొదటి సెమిస్టర్లోనే నేర్పేదేంటంటే ఆ తప్పెవరిది అన్న ప్రశ్నని కాసేపు పక్కన పెట్టి, ఈ గొడవ ఏ దారిలో తిరుగుతోందో చూడ్డం. ఇది చూడాలంటే లెక్కలు చదివిన బుర్ర చాలా పనికొస్తుంది, నేను ఊరికే నిన్ను సంతోషపెట్టడానికి అనట్లేదు.

ఒక ఇల్లు తీసుకుందాం. ఆయన షాపు మూసి రాత్రి పదిన్నరకి వస్తాడు. ఆవిడ తొమ్మిది నుంచి ఫోన్లు మొదలెడుతుంది. ఆయన్నడిగితే "ఇంటికెళ్తే క్లాసు పీకుతుంది, అందుకే లేటుగా వెళ్తున్నా" అంటాడు, ఆవిడనడిగితే "లేటుగా వస్తున్నారు కాబట్టే ఫోన్ చేస్తున్నా" అంటుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, ఎందుకంటే ఒకే వలయాన్ని ఇద్దరూ చెరో చోట కోసి అక్కణ్ణుంచి కథ మొదలెడుతున్నారు. నువ్వు డిఫరెన్షియల్ ఈక్వేషన్లలో కపుల్డ్ సిస్టమ్ చదివావు కదా, ఎక్స్ మారే వేగం వై మీద, వై మారే వేగం ఎక్స్ మీద ఆధారపడి ఉంటే అందులో ఏది కారణం ఏది ఫలితం అని నువ్వెప్పుడూ అడగలేదు, రెండూ కలిపి సాల్వ్ చేశావు. ఆ అలవాటే ఇక్కడ కావాలి.

ఇది నా సొంత కవిత్వం కాదమ్మా. ఈ శాస్త్రం పుట్టుకలోనే లెక్కల వాసన ఉంది. 1950ల్లో గ్రెగరీ బేట్సన్ అనే మానవశాస్త్రవేత్త, సైబర్నెటిక్స్ (యంత్రాలూ జీవులూ తమని తాము అదుపు చేసుకునే తీరుని చదివే శాస్త్రం) నుంచి ఫీడ్‌బ్యాక్, అంటే ఫలితమే తిరిగొచ్చి కారణాన్ని మార్చడం, అనే ఆలోచన తీసుకొచ్చి కుటుంబాల మాటతీరుకి అన్వయించాడు, 1956లో డాన్ జాక్సన్, జే హేలీ, జాన్ వీక్లాండ్‌లతో కలిసి డబుల్ బైండ్ (మాట ఒకటి, తీరు ఇంకొకటి చెప్తూ ఏం చేసినా తప్పయ్యేలా మనిషిని ఇరికించడం) అన్న ఆలోచన మీద పేపర్ రాశాడు. (అందులో స్కిజోఫ్రెనియాకి ఇంట్లో మాట్లాడే తీరే కారణమన్న భాగం తర్వాత నిలబడలేదు, ఇది గుర్తుపెట్టుకో, ఇప్పటికీ ఆ జబ్బున్న పిల్లల తల్లుల్ని "నువ్వే చేశావు" అనేవాళ్ళున్నారు, అది అన్యాయం.) కుటుంబాన్ని తిరిగే వలయంగా చూడాలన్న చూపు మాత్రం నిలిచింది.

ఆ బాటలోనే నడిచిన పాల్ వాట్జ్‌లవిక్, వీక్లాండ్, రిచర్డ్ ఫిష్ ముగ్గురూ కలిసి 1974లో ఒక పుస్తకం రాశారు, దాని పేరు చేంజ్. మొదటి అధ్యాయంలోనే గ్రూప్ థియరీ ఉంటుంది! క్లోజర్, ఐడెంటిటీ, ఇన్వర్స్, నువ్వు అల్జీబ్రా పేపర్లో రాసినవే. వాళ్ళనేది ఏంటంటే, కుటుంబం తన సమస్యకి వేసే ఎత్తులన్నీ ఒక గ్రూపులోని సభ్యుల్లాంటివి, ఏ రెండిటిని కలిపినా వచ్చేది మళ్ళీ ఆ గ్రూపులోదే. మన షాపాయన ఇంట్లో చూడు. ఆవిడ అరిచింది, పని జరగలేదు. అరవడం మానేసి మాట్లాడ్డమే మానేసింది, మారినట్టే కనిపించింది కానీ ఆయన ఇంకా లేటుగా వచ్చాడు, ఎందుకంటే అరుపూ మౌనమూ రెండూ "నువ్వు తప్పు చేస్తున్నావు" అన్న ఒకే గ్రూపులోవి. దీన్ని వాళ్ళు ఫస్ట్ ఆర్డర్ చేంజ్ అన్నారు. గ్రూపు బయట నుంచి వచ్చేదాన్ని సెకండ్ ఆర్డర్ చేంజ్ అన్నారు, అంటే ఆట నియమమే మారాలి. ఉదాహరణకి వారంలో రెండ్రోజులు షాపు మూసేముందు గంటసేపు ఆవిడే వెళ్ళి కౌంటర్లో కూర్చుని లెక్క చూసి ఇద్దరూ కలిసి ఇంటికి రావడం. ఇప్పుడు లేటు అన్న మాటకే అర్థం మారిపోయింది. నిజం చెప్పాలంటే గణితపరంగా ఈ పోలిక అంత పక్కాగా ఉండదు, గ్రూప్ థియరీ తెలిసిన నీకు చదువుతుంటే అక్కడక్కడ గుచ్చుకుంటుంది, అసోసియేటివిటీ (ఏ జతని ముందు కలిపినా ఫలితం మారకపోవడం) ఇక్కడెలా అని అడుగుతావు, అడగాలి కూడా. కానీ చూపు మాత్రం గొప్పది.

ఇక నిజంగా ఈక్వేషన్లు రాసినవాళ్ళ సంగతి. జాన్ గాట్‌మన్ పేరు వినే ఉంటావు. ఆయన డిగ్రీ లెక్కల్లోనే చేశాడు, తర్వాత ఎంఐటీలో మాస్టర్స్, ఆ తర్వాత విస్కాన్సిన్‌లో క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీ. అంటే మీ నాన్నగారు వద్దంటున్న దారిలో నడిచినాయన. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరికీ పడని విషయం ఒకటి తీసుకుని పావుగంట మాట్లాడుకోమని వీడియో తీసి, ప్రతి మాటకీ మార్కులు వేశారు, ప్రేమగా, నవ్వుతూ, వింటూ అన్నదానికి ప్లస్, ఎత్తిపొడుపుకీ వెటకారానికీ మైనస్. అదే యూనివర్సిటీలో జేమ్స్ మరే అనే గణితశాస్త్రవేత్త ఉన్నాడు, చిరుతపులి మచ్చలు ఎలా ఏర్పడతాయో ఈక్వేషన్లతో చెప్పినాయన. ఇద్దరూ తమ బృందంతో కలిసి ఆ మార్కులకి డిఫరెన్స్ ఈక్వేషన్లు (ఒక మాట నుంచి తర్వాతి మాటకి స్కోరు ఎలా మారుతుందో చెప్పేవి) రాశారు, 2002లో ద మ్యాథమెటిక్స్ ఆఫ్ మ్యారేజ్ అన్న పుస్తకం వచ్చింది.

ఈక్వేషన్ చాలా చిన్నది. ఆవిడ తర్వాతి మాట స్కోరు మూడిటి మొత్తం. ఆవిడ సహజ స్వభావం తాలూకు ఒక స్థిరసంఖ్య, ఇప్పటి మూడ్‌లో ఎంత భాగం తర్వాతి మాటలోకి ఈడ్చుకొస్తుందో ఆ భాగం, ఆయన ఇప్పుడన్న మాట ప్రభావం. ఆయనకీ ఇలాంటిదే ఇంకొకటి. ఆ మూడిటిలో రెండో దాన్ని, అంటే పాత మూడ్‌ని ఈడ్చుకొచ్చే భాగాన్ని, వాళ్ళు ఎమోషనల్ ఇనర్షియా అన్నారు. కాగితం తీసుకుని చెయ్యి, ఎదుటివాళ్ళ ప్రభావం సున్నా అనుకుందాం. ఒకావిడకి స్థిరసంఖ్య 1, ఇనర్షియా 0.5. ఇంకొకావిడకి స్థిరసంఖ్య 0.2, ఇనర్షియా 0.9. ఇద్దరికీ ఫిక్స్‌డ్ పాయింట్ 2 వస్తుంది చూడు, అంటే వదిలేస్తే ఇద్దరూ చేరేది ఒకే మంచి మూడ్‌కి. ఇప్పుడు ఇద్దర్నీ మైనస్ 6 దగ్గర మొదలెట్టు. మొదటావిడ మైనస్ 2, సున్నా, 1, 1.5 అనుకుంటూ రెండో మాటకే సున్నాకొచ్చేసింది. రెండో ఆవిడ మైనస్ 5.2, మైనస్ 4.48, మైనస్ 3.832 అనుకుంటూ పధ్నాలుగో మాటకి గానీ సున్నా దాటదు. బయటివాళ్ళు ఏమంటారు? మొదటావిడ మనసు మంచిది, రెండో ఆవిడ కక్ష పెట్టుకుంటుంది అంటారు. లెక్కేమో ఇద్దరి మనసూ ఒక్కటే, ఒకరికి టైం ఎక్కువ పడుతుంది అంటోంది. కొన్ని వందల కాపురాల్లో ఈ ఒక్క తేడా తెలియక ఎంత రచ్చ అవుతుందో! భర్త మూడో మాటకే "ఇంకా అలాగే ఉన్నావేంటి" అంటాడు, అది కొత్త మైనస్, మళ్ళీ మొదటికి. ఇది చూడగలిగితే నువ్వు చదివిన స్టెబిలిటీ, ఐగెన్‌వాల్యూలు ఏవీ వేస్ట్ కాలేదు.

చదువు దారి చెప్తాను. అమెరికాలో మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీ అనేది విడిగా ఒక వృత్తి, దానికి మాస్టర్స్, వేరే లైసెన్సు, 1942 నుంచి సంఘం కూడా ఉంది. మన దేశంలో ఆ పేరుతో విడి లైసెన్సు లేదు, కాబట్టి నువ్వు పక్క దారుల్లోంచే వెళ్ళాలి. ఒకటి సైకాలజీ ఎమ్మే చేసి క్లినికల్ సైకాలజీలోకి వెళ్ళడం, క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అవ్వాలి, వాళ్ళు గుర్తించిన కోర్సు అయితేనే అవుతుంది. బీఎస్సీ మ్యాథ్స్ వాళ్ళని ఎమ్మే సైకాలజీకి కొన్ని యూనివర్సిటీలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు, ప్రాస్పెక్టస్‌లో అర్హత దగ్గర ప్రతి లైనూ చదువు. రెండోది, మనవాళ్ళకి పెద్దగా తెలియనిది, ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్. ఏ డిగ్రీ అయినా పర్వాలేదనే చోట్లు చాలా ఉన్నాయి, దాని తర్వాత సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో (మానసిక జబ్బులున్నవాళ్ళతో, వాళ్ళ కుటుంబాలతో చేసే సోషల్ వర్క్) పై చదువు, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ లాంటి చోట. నిమ్‌హాన్స్‌లో కుటుంబాలతో పనిచెయ్యడానికే ఫ్యామిలీ సైకియాట్రీ సెంటర్ ఉంది, ట్రైనింగ్ అంటే అదీ. నీ స్థితిలో నేనైతే ఈ రెండో దారినే ముందు చూస్తాను.

దూరవిద్య గురించి ఒక హెచ్చరిక. ఇగ్నోలో కౌన్సెలింగ్ అండ్ ఫ్యామిలీ థెరపీ అని ఎమ్మెస్సీ నడిచింది, చాలామంది ఆ పేరు చూసి ఆశపడతారు. కానీ 2025లో యూజీసీ, సైకాలజీ లాంటి ఆరోగ్య సంబంధ కోర్సుల్ని దూరవిద్యలో ఆన్‌లైన్‌లో ఇక కొత్తగా చేర్చుకోవద్దని యూనివర్సిటీలకి చెప్పింది. ఎవరైనా ఏజెంటు ఇంట్లో కూర్చుని ఆరు నెలల్లో థెరపిస్ట్ సర్టిఫికెట్ అని చెప్తే డబ్బు కట్టొద్దు, ఈ పనికి ఎదురుగా కూర్చుని చేసి, పై అనుభవం ఉన్నవాళ్ళ సూపర్‌విజన్‌లో దిద్దించుకోవాల్సిందే.

మీ నాన్నగారికి ఇంకొక్క మాట చెప్పు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగిళ్ళు ఎన్నున్నాయో ఆయనకే బాగా తెలుసు. అత్తగారు తెలుగులో ఏడుస్తుంది, కోడలు ఒడియాలో ఏడుస్తుంది, ఈ రెండూ అర్థమై ఎదురుగా కూర్చునే మనిషి ఎక్కడుంది? 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే కౌన్సెలర్లు ఉండాలని రాశారు. నీలాంటి పిల్ల అటు వెళ్తే ఆ కుర్చీకి గౌరవం వస్తుంది. ఎమ్మెస్సీ మాత్రం మధ్యలో వదలకు, పూర్తిచెయ్యి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అన్నయ్య కూతుర్నే కోడలుగా తెచ్చుకున్నాను, వాళ్ళది పాతపట్నం, మాది పర్లాకిమిడి, ఏరు దాటితే పుట్టిల్లు. బయటి పిల్లైతే ఏటో అనుకుంటాం, మేనకోడలే ఇలగ ఎడమొహం పెడమొహం అయితే నేనెవరితో చెప్పుకోను? అది చాలదన్నట్టు మా చిన్నది విశాఖలో ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతోంది, కాలేజీలో జీనోగ్రామ్ అని ఇంటి చార్టు గియ్యమన్నారట, తాతల కాలం నుంచి ఎవరికి ఎవరితో పడదో అంతా అడుగుతోంది. ఇంటి గుట్టు కాలేజీలో పెడతారా? ఇది చదువా?

జవాబు: అమ్మా, ఇది చదువే, అందులో ముఖ్యమైన చదువు. అమెరికాలో మర్రే బోవెన్ అనే సైకియాట్రిస్ట్ కనీసం మూడు తరాలు చూస్తే గానీ ఒక ఇంటి గొడవ అర్థం కాదన్నాడు, ఆయన ఆలోచనల్లోంచే ఈ చార్టు వచ్చింది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం, పడనివాళ్ళ మధ్య వంకర గీత, మాటలు తెగిపోయినవాళ్ళ మధ్య తెగిన గీత. వేరే ఇళ్ళవి చూసేముందు పిల్లలు సొంత ఇంటిది గియ్యాలి, ఎందుకంటే తన ఇంట్లో తనకి ఏది మంటో తెలియనివాళ్ళు ఎదుటివాళ్ళ ఇంట్లో అదే మంట చూసి ఒక పక్షం తీసేసుకుంటారు. మీ భయం మాత్రం న్యాయమైంది. అమ్మాయిని పేర్లు మార్చి రాయమనండి, క్లాసులో అందరి ముందూ పెడతారా, టీచరొక్కరే చూస్తారా కనుక్కోమనండి, మీకు చెప్పడం ఇష్టంలేనిది చెప్పనవసరం లేదు. మంచి టీచర్లు దీనికి ఒప్పుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మాయి ఆ చార్టు గీస్తే మీరు కూడా పక్కన కూర్చోండి. మామూలుగా ఈ చార్టు చెట్టులాగా కిందికి కొమ్మలు విడిపోతూ వస్తుంది. లెక్కల్లో గ్రాఫ్ థియరీ అని ఒకటుంది, చుక్కల్నీ వాటిని కలిపే గీతల్నీ చదివేది, దాని ప్రకారం చెట్టులో ఎక్కడ బయల్దేరినా, నడిచిన గీత మీదే వెనక్కి రాకుండా, చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే రాలేరు. మేనరికం ఇంట్లో రావచ్చు! మీ నుంచి మీ అబ్బాయికి గీత, అబ్బాయి నుంచి కోడలికి, కోడలి నుంచి వాళ్ళ నాన్నకి, ఆయన నుంచి మీ అమ్మానాన్నలకి, వాళ్ళ నుంచి మళ్ళీ మీకు. చుట్టు మూసుకుంది. అంటే మీకూ మీ అన్నయ్యకీ మధ్య ఎప్పటిదో పొలం దగ్గరో, అమ్మ బంగారం దగ్గరో ఒక మాట మిగిలిపోయి ఉంటే అది చుట్టూ తిరిగి మీ అబ్బాయి గదిలోకి వచ్చేస్తుంది. వాళ్ళిద్దరూ కూర గురించి పోట్లాడుకుంటున్నామనుకుంటారు, కోడలు మీ మొహంలో వాళ్ళ నాన్న మీద కోపాన్ని చూస్తుంది, మీరు ఆ పిల్ల మాటలో మీ వదిన గొంతు వింటారు. మీ ఉత్తరంలో అన్నయ్య గురించి ఒక్క ముక్క కూడా లేదమ్మా, అందుకే అడుగుతున్నాను, ఆయనా మీరూ చివరిసారి కూర్చుని తీరిగ్గా మాట్లాడుకున్నది ఎప్పుడు?

బోవెన్ ఇంకోటి కూడా చెప్పాడు, ఇద్దరి మధ్య బరువు ఎక్కువైతే మూడో మనిషిని లాక్కుంటారని. మీ ఇంట్లో ఆ మూడో మనిషి మీ అబ్బాయే అనుకుంటున్నాను. "నీ పెళ్ళానికి చెప్పు" అని మీరు, "మీ అమ్మకి చెప్పండి" అని ఆ పిల్ల, మధ్యలో కుర్రాడు రెండు వైపులా మోసుకుంటూ, రెండు చోట్లా సగం దాచి సగం చెప్పి, ఆఖరికి ఇద్దరికీ దోషి అయిపోతాడు. రేపట్నుంచి ఒక్క పని చెయ్యండి, కోడలికి చెప్పాల్సింది కోడలికే చెప్పండి, చిన్నదైనా పెద్దదైనా, అబ్బాయి ద్వారా వద్దు. అన్నయ్యతో తేల్చుకోవాల్సింది ఏరు దాటి వెళ్ళి అన్నయ్యతోనే తేల్చుకోండి. మొదట్లో ఇల్లు ఇంకా వేడెక్కినట్టు ఉంటుంది, కుర్రాడి ద్వారా చల్లారే వేడి ఇప్పుడు మీ ఇద్దరి మధ్యే ఉంటుంది కాబట్టి. దానికి భయపడి మళ్ళీ అబ్బాయిని పిలవకండి.

ప్రశ్న: నేను గుణుపూర్‌లో లెక్కల మాస్టారిని. సుఖంగా ఉండే దంపతుల్లో మంచి మాటలు, చెడ్డ మాటలు 5:1 నిష్పత్తిలో ఉంటాయని చదివి మూడు నెలలుగా డైరీలో రాస్తున్నాను. మాది 2:1 దగ్గర ఆగిపోయింది. ఆ డైరీ మా ఆవిడకి చూపించాను, అప్పట్నుంచి అసలు మాట్లాడ్డం లేదు. లెక్కలో తప్పెక్కడ?

జవాబు: మాస్టారూ, లెక్క కట్టాలన్న మీ తపన నాకు అర్థమైంది, ఇల్లు బాగుండాలనే కదా మీ ఆరాటం. కానీ ఆ 5:1 ఎక్కడిదో చూడాలి. గాట్‌మన్, రాబర్ట్ లెవెన్‌సన్ 1992లో రాసిన పరిశోధనలోది అది. పడని విషయం మీద మాట్లాడుకుంటున్న ఆ పావుగంటలో, బయట శిక్షణ పొందినవాళ్ళు వీడియో చూసి వేసిన మార్కుల్లో, నిలకడగా ఉన్న జంటల్లో ఒక చెడ్డకి ఐదు మంచి దాకా వచ్చాయి, చెడిపోతున్న జంటల్లో మంచి చెడ్డ కంటే కాస్త తక్కువే, 0.8కి 1. అది రోజంతా ఇంట్లో మాట్లాడే మాటల నిష్పత్తి కాదు, ఆ జంటలో ఒకరే కూర్చుని రాసుకున్నదీ కాదు. మీరు కొలిచేవాళ్ళూ మీరే, కొలతలో సగం మనిషీ మీరే, ఇంక ఆ అంకెకి విలువేముంటుంది? ఆవిడ మూడుసార్లు కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది అనుకోండి, అది మీ డైరీలో ఎక్కిందా?

రెండోది, ఈ పరిశోధనల మీదే గట్టి విమర్శ ఉంది, లెక్కల మనిషిగా మీరు తెలుసుకోవాలి. ఎవరు విడిపోతారో తొంభై శాతం పైన చెప్పేస్తాం అని వచ్చిన మాటలు చాలావరకు ఫలితం తెలిసిన తర్వాత, అదే డేటాకి సరిపోయేలా ఫార్ములా కట్టి చెప్పినవి. రిచర్డ్ హేమన్, ఏమీ స్లెప్ 2001లో ఇది చేసి చూపించారు, ఒక గుంపు మీద కట్టిన ఫార్ములాని అలాంటిదే ఇంకో గుంపు మీద పెడితే విడిపోతారన్న అంచనా దారుణంగా పడిపోయింది. పాత పేపర్ల ప్రశ్నలు బట్టీపట్టిన కుర్రాడికి అదే పేపరు పెట్టి నూటికి నూరు వచ్చిందంటే మీరు ఒప్పుకుంటారా? ఆ అంకెల్ని జాతకంలాగా పట్టుకోకండి.

అయితే గాట్‌మన్ పరిశోధనలో మీకు పనికొచ్చేది ఒకటుంది. కాపురాన్ని ఎక్కువ తినేసేవి నాలుగు అన్నాడాయన, మనిషినే తప్పుపట్టడం, చులకన చెయ్యడం, ప్రతిదానికీ నా తప్పు లేదని ఎదురు చెప్పడం, గోడలా మూసుకుపోవడం. అందులో చులకన అన్నిటికంటే విషం. మీరు డైరీ చూపించినప్పుడు ఆవిడకి అందింది ప్రేమ కాదండి, ప్రోగ్రెస్ కార్డు. ఆవిడ గోడలా మూసుకుపోయింది. డైరీ ఆపేయండి, ఆపేసినట్టు ఆవిడకి చెప్పండి, "నీకు మార్కులు వేసినట్టు అయింది, అది నేను చెయ్యకూడని పని" అని అంతే, దాని వెనకాల కానీ, అయితే, వద్దు. ఆవిడ వెంటనే మాట్లాడకపోతే పైన ఇనర్షియా గురించి రాసింది ఒకసారి చదవండి, మీకు ఈక్వేషన్ వివరించనక్కర్లేదు.

ప్రశ్న: జయపురం నుంచి. సంబంధాల్లో మొదటి 37 శాతం మందిని వదిలేసి, ఆ తర్వాత వాళ్ళందరి కంటే బాగున్న మొదటి మనిషిని ఒప్పుకోవాలట కదా, మా ప్రాబబిలిటీ క్లాసులో చెప్పారు. మా అన్నయ్యకి చూస్తున్నారు, పని చేస్తుందా?

జవాబు: లెక్క కరెక్టే, ఒకటి బై e (e అంటే సుమారు 2.718), అంటే 0.368 దగ్గర. కానీ ఆ లెక్కకి షరతులున్నాయి, మొత్తం ఎన్ని వస్తాయో ముందే తెలియాలి, వద్దన్నవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళకూడదు, అందరికంటే బెస్ట్ దొరికితేనే గెలుపు, రెండో బెస్ట్ అయినా ఓటమే. ఇవన్నీ పాటించినా బెస్ట్ దొరికే అవకాశం మళ్ళీ అదే 37 శాతం. పైగా ఆ ఫార్ములాలో అవతలి అమ్మాయికి ఇష్టాయిష్టాలు ఉండవు. ఇద్దరి ఇష్టాలూ ఉన్న లెక్క కావాలంటే డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ 1962లో రాసిన స్టేబుల్ మ్యారేజ్ పేపర్ చదువు, చాలా చిన్నది, అందంగా ఉంటుంది, షాప్లీకి 2012లో ఆర్థికశాస్త్రం నోబెల్ వచ్చింది. అన్నయ్యకి మాత్రం ఫార్ములాలు చెప్పకు, ఆ అమ్మాయితో ఓ గంట మాట్లాడుకోనివ్వమని ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పు.

ప్రశ్న: మా చెల్లెల్ని రాయగడలో ఇచ్చాం. మా బావ తాగి కొడతాడు, పోయిన నెల చెయ్యి విరిగింది. పెద్దలందరూ ఇద్దర్నీ కలిపి కౌన్సెలింగ్‌కి పంపుదాం అంటున్నారు. మీరు ఎప్పుడూ ఫ్యామిలీ థెరపీ గురించి రాస్తారు కదా, ఎక్కడ చేయిస్తే మంచిది?

జవాబు: బాబూ, వద్దు. పైన వలయం, ఇద్దరి పాత్ర అని నేను రాసిందేదీ దీనికి వర్తించదు. కొట్టినవాడే కొట్టడానికి బాధ్యుడు, దెబ్బ తిన్న మనిషి పాత్ర అందులో ఏమీ లేదు. ఈ శాస్త్రాన్నే దాని లోపలి ఆడవాళ్ళు 1970లు, 80ల నుంచి గట్టిగా నిలదీశారు, వలయం అంటూ దెబ్బల్లో కూడా భార్యకి వాటా రాస్తారా అని, ఆ నిలదీత వల్లే ఈ చదువు బాగుపడింది. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే మీ చెల్లెలు అక్కడ నిజం చెప్తుంది, ఇంటికెళ్ళాక దానికి దెబ్బలు తింటుంది. తెలిసిన థెరపిస్ట్ ఎవరైనా ముందు విడివిడిగా మాట్లాడి, ఇలాంటిది ఉందని తెలిస్తే కలిపి కూర్చోబెట్టరు.

చెయ్యాల్సింది ఇది. చెల్లెల్ని ముందు మీ ఇంటికి తీసుకురండి. ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రే జాగ్రత్తగా దాచండి. 2005 గృహహింస చట్టం కింద జిల్లాలో ప్రొటెక్షన్ ఆఫీసరు ఉంటారు, వాళ్ళ దగ్గర రిపోర్టు రాయించండి, ఆ చట్టంలో రక్షణ ఉత్తర్వు, భర్త ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులు అన్నీ అడగొచ్చు. పోలీస్ స్టేషన్లలో మహిళా శిశు డెస్క్ ఉంటుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, ఆపద అనిపిస్తే 112. ఆ అమ్మాయికి నిద్ర పట్టక, భయంతో ఉంటే 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యమనండి, డబ్బులు అక్కర్లేదు. బావ తాగుడుకి చికిత్స వేరే విషయం, అది ఆయన చేయించుకోవాలి, మీ చెల్లెలు పక్కనుండి చేయించాల్సిన పని లేదు. పెద్దలు పరువు అంటారు, మీరు అన్నగా గట్టిగా నిలబడండి.

ప్రశ్న: నేను డిగ్రీ తెలుగు లిటరేచర్. కౌన్సెలింగ్ వైపు వెళ్ళాలనుంది కానీ ఆ కోర్సుల్లో స్టాటిస్టిక్స్ ఉంటుందట, లెక్కలంటే టెన్త్ నుంచే భయం. వదిలెయ్యాలా? (పర్లాకిమిడి)

జవాబు: వదలొద్దమ్మా. ఉండేది రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్ అని ఒకటో రెండో పేపర్లు. సగటు, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్, టీ టెస్ట్, ఎక్కువ భాగం సాఫ్ట్‌వేరే చేస్తుంది, ఆ అంకె ఏం చెప్తోందో నువ్వు చెప్పగలగాలి. కుటుంబాల మీద పరిశోధనలో ఒక్క మెలిక ఉంటుంది, అది మాత్రం మొదట్నుంచీ పట్టుకో. వంద జంటల్ని అడిగితే రెండొందల మంది జవాబులు వస్తాయి, కానీ అవి రెండొందల విడి జవాబులు కావు, ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరి జవాబులూ ఒకదాన్నొకటి లాగుతాయి. మామూలు టెస్టులు ప్రతి మనిషీ విడి అని నమ్మి లెక్క కడతాయి, ఇక్కడ పెడితే ఫలితం తప్పొస్తుంది. అందుకే జంటల కోసం యాక్టర్ పార్ట్‌నర్ మోడల్ అని వేరే పద్ధతి ఉంది, భర్త దిగులు ఆయన నిద్రని ఎంత చెడగొడుతోంది, భార్య నిద్రని ఎంత చెడగొడుతోంది అని రెండూ కలిపి ఒకేసారి కొలుస్తుంది. కథలు చదివిన నీకు ఇది అర్థం కావడం ఏమంత కష్టం కాదు. ఇప్పట్నుంచే పదో తరగతి స్టాటిస్టిక్స్ చాప్టర్ తీసి రోజూ నాలుగు లెక్కలు చెయ్యి. మొదటి ఉత్తరం రాసిన బరంపురం అమ్మాయి లాంటివాళ్ళు క్లాసులో ఒకరుంటారు, వాళ్ళని అడిగి నేర్చుకో, వాళ్ళకి నువ్వు మనుషుల మాట వినడం నేర్పు.